మార్చి పోతే సెప్టెంబరు

(తాడేపల్లిలో జరిగిన విద్యార్థులు, తల్లిదండ్రులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు మాకిచ్చిన అంశం 'యువతలో ఆత్మస్థైర్యం'. పెద్ద మాట. దీని మీద మాట్లాడమంటే ఎవరైనా నాలుగు విజయగాథలు చెప్పి, చప్పట్లు కొట్టించుకుని దిగిపోవచ్చు. మాకు ఆ పని చేతకాదు. మేం పత్రికల్లో పనిచేసేవాళ్లం. ఏటా ఇంటర్ ఫలితాలొచ్చిన సాయంత్రం మా డెస్కుల మీదికి రెండు రకాల వార్తలొస్తాయి. ఒకటి మార్కుల వార్త. దానికి ఫొటోలుంటాయి, మిఠాయిలుంటాయి. రెండోది ఏదో ఊరి నుంచి వచ్చే సింగిల్ కాలమ్ వార్త. దానికి పాస్‌పోర్టు సైజు ఫొటో ఒక్కటే ఉంటుంది. అది కూడా హాల్ టికెట్ మీద నుంచి తీసిందే. ఇవాళ మాట్లాడుకోవాల్సింది ఆ రెండో వార్త రాకుండా ఎట్లా ఆపాలన్నదే.

తెలంగాణ ఉద్యమంలో తిరిగినవాళ్లు కృష్ణ దాటి తాడేపల్లి వచ్చి మాట్లాడటం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఈ విషయంలో నది అడ్డం లేదు మిత్రులారా. సింగిల్ కాలమ్ వార్తలు రెండు ఒడ్ల నుంచీ వస్తున్నాయి. అదీగాక రాష్ట్రం కోసం కొట్లాడి ఓడిపోవడం అంటే ఏమిటో 1969లో మా పెద్దలకు తెలిసింది, 1972-73 జై ఆంధ్ర ఉద్యమంలో మీ పెద్దలకూ తెలిసింది. రెండు చోట్లా కాలేజీలు మూతపడ్డాయి, చదువులు ఆగాయి. ఎంతోమంది విద్యార్థులకు ఒక ఏడాది పోయింది. ఆ బ్యాచుల వాళ్లు ఆ తర్వాత ఉద్యోగాలు చేశారు, సేద్యం చేశారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, ఇవాళ మనవళ్లను ఎత్తుకుని తిరుగుతున్నారు. మీ ఇంట్లో డెబ్బై దాటిన తాతయ్య ఉంటే ఒకసారి అడగండి. ఏడాది పోయిన సంగతి ఆయన నవ్వుతూ చెబుతాడు.

ఆ తరానికి ఒక మాట ఉండేది. 'మార్చి పోతే సెప్టెంబరు'. ఈ హాల్లో నలభై దాటిన వాళ్లందరికీ తెలుసు. మార్చిలో రాసిన పరీక్ష తప్పితే సెప్టెంబరులో రాసేవాళ్లు. మధ్యలో ఆరు నెలలు. ఊళ్లో రచ్చబండ మీద కూర్చుని అదే మాట పదిమందిలో అనేసేవాళ్లు. "ఏరా, ఏమైంది?" "లెక్కలు పోయాయి బాబాయ్, సెప్టెంబరులో రాస్తా." అంతే సంభాషణ. ఇందులో ఒక సంగతి గమనించండి. పోయింది లెక్కలు. పోయింది మార్చి. మనిషి పోలేదు. మన భాష మనిషినీ పరీక్షనూ విడివిడిగా ఉంచింది. ఇవాళ మన పిల్లవాడు ఏమంటున్నాడు? "నేను ఫెయిల్" అంటున్నాడు. సబ్జెక్టు పేరు లేదు, నెల పేరు లేదు. మొత్తం తనే ఫెయిల్.

విచిత్రం ఏమిటంటే ఇవాళ ఆరు నెలలు కూడా ఆగనక్కర్లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న వచ్చాయి. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ మే 12న మొదలైంది. సరిగ్గా నెల. అందులో పాసైతే అదే ఏడాది డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో చేరవచ్చు. ఏడాది పోదు. మధ్యలో రీకౌంటింగ్ ఉంది, రీవెరిఫికేషన్ ఉంది. వ్యవధి ఆరు నెలల నుంచి నెలకు తగ్గింది. భయం మాత్రం పదింతలైంది. ఎందుకు?

ఈ ప్రశ్నకు పిల్లల్లో జవాబు వెతకడం మన పెద్దలకు అలవాటు. ఈ తరం సుకుమారం, సెల్‌ఫోన్లు చెడగొట్టాయి, మా కాలంలో అయితేనా... ఈ పాట మనమంతా విన్నదే. మేం ఒప్పుకోం. బ్యారేజీ దాటి ఇటు వస్తుంటే రోడ్డు పొడుగునా కాలేజీల ఫ్లెక్సీలు చూశాం. టీవీ పెడితే ఒకటి, రెండు, మూడు అంటూ గొంతు చించుకునే ర్యాంకుల ప్రకటన. రెండేళ్ల కిందట పాసైన పిల్లల మొహాలు ఇంకా స్తంభాలకు వేలాడుతూనే ఉంటాయి. ఆ ఫ్లెక్సీ మీద లేని లక్షల మంది పిల్లలు రోజూ ఆ ఫ్లెక్సీ కిందుగానే నడిచి కాలేజీకి పోతారు. లోపలికెళితే సెక్షన్లు. మార్కులొచ్చిన వాళ్లకొక సెక్షన్, తగ్గిన వాళ్లకొకటి. వారం వారం టెస్టు, టెస్టు తర్వాత సెక్షన్ మార్పు. బెంచీ మీద పక్కన కూర్చున్న స్నేహితుడు వచ్చే సోమవారం పక్కన ఉంటాడో లేదో తెలియదు. ఒక పిల్లవాడు పడిపోతే పట్టుకోవడానికి ఎవరు ఉండాలి? స్నేహితుడే కదా. ఆ స్నేహితుడినే మొదట తీసేస్తున్నాం.

ఇదేమీ మేం ఇవాళ కొత్తగా కనిపెట్టింది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో పిల్లల చావుల మీద నీరదారెడ్డి కమిటీ వేశారు. ర్యాంకుల ప్రచారాన్ని అదుపు చేయాలని, పిల్లలకు ఆటపాటలకు సమయం ఉండాలని అప్పుడే చెప్పారు. ఆ తర్వాత రాష్ట్రం రెండైంది. నివేదిక ఏ రాష్ట్రం వాటాకు వచ్చిందో గానీ అమలు మాత్రం ఎవరి వాటాకూ రాలేదు. 2023లో విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జులై 25న కోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి, మార్కులను బట్టి పిల్లలను విడదీయొద్దు, నలుగురిలో అవమానించొద్దు, హెల్ప్‌లైన్ నంబర్లు కనబడేలా రాయాలి. ఇవన్నీ అందులో ఉన్నాయి. తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఫీజు రసీదు తీసుకునేటప్పుడు కౌన్సెలర్ ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో అడగండి. ల్యాబ్ చూపించమని అడుగుతాం కదా, అట్లాగే.

ఇంకో సంగతి. ఓటమి అన్నప్పుడల్లా అది పిల్లవాడిదేనా? 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాయి. తప్పుల తడకలు. తెలుగులో సున్నా వచ్చిందని చెప్పిన ఒక అమ్మాయికి పేపరు మళ్లీ చూస్తే 99 మార్కులున్నాయి. 99! ఆ రోజుల్లో రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు మనకు దక్కకుండా పోయారని పత్రికలు రాశాయి. తల్లిదండ్రులు, విద్యార్థి సంఘాలు బోర్డు ముందు రోజుల తరబడి కూర్చుంటే తప్ప సర్కారు కదల్లేదు. చివరికి ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూశారు. 1,137 మంది పాసైనట్లు తేలింది. అంటే 1,137 ఇళ్లలో నెల రోజుల పాటు లేని ఓటమికి ఏడ్చారు. గుండె గట్టి చేసుకోమని పిల్లలకు చెప్పే ముందు లెక్క గట్టిగా చేసుకోమని బోర్డుకు చెప్పాలి. ఆత్మస్థైర్యం గురించిన ఉపన్యాసాలు పై వాళ్ల తప్పులకు దుప్పటి కప్పే పనికి వాడితే మేం ఊరుకోం.

నిరుద్యోగుల సంగతీ అంతే. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో మొదటి గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్‌లో జరిగింది. పేపరు లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024లో మూడోసారి రాశారు. ఆ తర్వాత కూడా కేసులు వదల్లేదు. అశోక్‌నగర్ గదుల్లో ఒకే పరీక్షను మూడుసార్లు రాసిన వాళ్లను మేం కలిశాం. వాళ్లను నిలబెట్టింది ఏమిటని అడిగితే ఎవరూ పుస్తకం పేరు చెప్పలేదు, ఉపన్యాసకుడి పేరు చెప్పలేదు. రూమ్మేట్ల గురించి చెప్పారు. లైబ్రరీ బయట టీ కొట్టు గురించి చెప్పారు. "ఈ నెల కిరాయి నేను కడతా, నువ్వు చదువు" అన్న స్నేహితుడి గురించి చెప్పారు.

ఇక్కడ మా ఉద్యమం సంగతి రెండు మాటల్లో చెప్పాలి. 2009 డిసెంబర్ 9 రాత్రి రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్రం ప్రకటించింది. మేమప్పుడు డిగ్రీ చదువుతున్నాం. రోడ్ల మీద ఎగిరాం. డిసెంబర్ 23న ఇంకో ప్రకటన వచ్చింది, చేతికొచ్చిందనుకున్నది జారిపోయింది. ఇరవై ఏళ్ల పిల్లలకు ఆ రాత్రి ఎట్లా గడిచిందో మాటల్లో చెప్పలేం. ఆ రోజుల్లో ఎందరో పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లను తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఒక్క సంగతి నిక్కచ్చిగా చెబుతాం. రాష్ట్రాన్ని తెచ్చింది బతికి ఉన్నవాళ్ల కొట్లాట. 23న దెబ్బ తగిలితే 24న జేఏసీ పుట్టింది. ఒక్క రోజు తేడా. ఆ తర్వాత ఊరూరా జేఏసీలు, రిలే దీక్షల టెంట్లు, ధూంధాంలు, రోడ్ల మీద వంటావార్పు. వంటావార్పు అంటే పోరాట రూపమని రాస్తారు గానీ మాకు అదొక మందు. గదిలో ఒంటరిగా కూర్చుని కుమిలేవాణ్ని లాక్కొచ్చి ఉల్లిగడ్డలు కోయమనేవాళ్లు. పదిమందితో కలిసి బువ్వ తిన్నాక మనిషి కొంచెం తేరుకుంటాడు. 2011లో ఉద్యోగులు, కార్మికులు 42 రోజులు సకల జనుల సమ్మె చేశారు. సమ్మె ఆగిన రోజున రాష్ట్రం రాలేదు. అది కూడా ఓటమి లాగే కనిపించింది. రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. మీ పక్కనే మందడం, తుళ్లూరు శిబిరాల్లో 2019 డిసెంబర్ నుంచి ఏళ్ల తరబడి కూర్చున్న ఆడవాళ్లను అడిగినా ఇదే చెబుతారు. టెంటు కింద పక్కన ఇంకొకరు లేకుంటే అన్ని రోజులు గడవవు.

మీ ప్రాంతం రైతు ఇంటి సంగతికి వద్దాం. గుంటూరు, ప్రకాశం పల్లెల నుంచి వచ్చి ఈ చుట్టుపక్కల హాస్టళ్లలో చదివే పిల్లల ఫీజు ఎక్కడి నుంచి వస్తుంది? మిర్చి నుంచి, పత్తి నుంచి. 2021-22లో తామర పురుగు మిరప తోటలను ఊడ్చేసింది. 2025లో పంట ఉన్నా ధర పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలతో మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. ఆ ఇంట్లో ఈ సంగతులు ఎట్లా మాట్లాడుకుంటారు? గుసగుసగా. పిల్లవాడికి ఫోన్‌లో ఏం చెబుతారు? "ఇక్కడంతా బాగుంది నాన్నా, నువ్వు చదువుకో." అక్కడేమీ బాగా లేదని పిల్లవాడికి తెలుసు. వాడు కూడా అదే నేర్చుకుంటాడు. టెస్టులో మార్కులు తగ్గితే "ఇక్కడంతా బాగుంది అమ్మా" అంటాడు. రెండు వైపులా దాపరికమే. ఫలితాల రోజున ఆ దాపరికం ఒక్కసారిగా బద్దలవుతుంది.

మేమంటాం, మిర్చి పోయిన సంగతి పిల్లలకు చెప్పండి. భయపెట్టడానికి కాదు, నీ కోసం ఇంత ఖర్చు పెట్టామని దెప్పడానికి అసలే కాదు. పోయాక ఏం చేశామో చెప్పండి. నారు చచ్చిన చోట మళ్లీ నాటామని, అప్పు తిరగరాయించుకున్నామని, యార్డులో ఆ వారం అమ్మకుండా సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టామని, మేనమామ సర్దాడని చెప్పండి. నష్టం వస్తే ఇల్లు ఎట్లా నిలదొక్కుకుంటుందో చూసిన పిల్లవాడికి తన ఫిజిక్స్ పేపరు కూడా అట్లాంటి నష్టమేనని తెలుస్తుంది. రైతు గుండెకు ఏదో ప్రత్యేకమైన గట్టితనం ఉందని మేం అనం. పట్టా ఉన్న రైతుకు బ్యాంకు రెండో అవకాశం ఇస్తుంది. కాగితం లేని కౌలు రైతుకు ఇవ్వదు. ఇద్దరి ధైర్యమూ ఒకటే, ఇద్దరి బతుకులు మాత్రం ఒకటి కావు. అందుకే ధైర్యం చెప్పడంతో పని అయిపోదు, రెండో అవకాశం చేతికందాలి.

విజయగాథలు చెప్పం అన్నాం గానీ మీ ప్రాంతం మనిషి కాబట్టి ఒక్కరి పేరు తీస్తాం. పుల్లెల గోపీచంద్. పుట్టింది నాగండ్లలో. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో తాను తప్పిన సంగతి, అన్నకు ఐఐటీ వచ్చిన సంగతి ఆయనే సభల్లో నవ్వుతూ చెప్పుకున్నారు. 1994లో మోకాలు దెబ్బతింది. మళ్లీ మళ్లీ ఆపరేషన్లు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. ఈ కథను పట్టుదల కథగా చెబుతారు. పట్టుదల ఉంది, కాదనం. కానీ 1994కూ 2001కీ మధ్య ఏడేళ్లున్నాయి. ఆ ఏడేళ్లూ కోసి కుట్టిన వైద్యుడు ఉన్నాడు, ఆడించిన గురువులున్నారు, ఇక చాల్లే అనని ఇల్లు ఉంది. మన పిల్లవాడికి ఏడేళ్లు అక్కర్లేదు. ఒక నెల ఇస్తే చాలు. అందరూ గోపీచంద్‌లు కానక్కర్లేదు కూడా. సప్లిమెంటరీలో పాసై, డిగ్రీ చదివి, బ్యాంకులోనో బడిలోనో పనిచేసుకుంటూ సాయంత్రం ఇంటికొచ్చే మనిషి కథకు ఏం తక్కువ?

ఇక ఫలితాల రోజున ఏం చేయాలన్నది. ఇదే అసలు పని, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

ఆ రోజు ఇంట్లో ఒక పెద్ద మనిషి ఉండాలి. పొలం పని, ఆఫీసు పని ఒక్క పూట ఆగుతుంది. మార్కులు పిల్లవాడు ఒక్కడే ఫోన్‌లో చూసుకోకూడదు. పక్కన కూర్చోండి. బంధువుల ఫోన్లు మీరెత్తండి. "ఎన్నొచ్చాయి?" అని అడిగే పెద్దమ్మకు జవాబు మీరే చెప్పండి. అసలు ఆ ఫోన్ చేయకుండా ఉండగలిగే పెద్దమ్మలు ఈ సభలో ఉంటే వాళ్లకు ముందే దండం. తప్పిందని తెలిశాక మీ నోటి నుంచి వచ్చే మొదటి మాటను పిల్లవాడు జన్మంతా మరచిపోడు. "బువ్వ తిందాం రా" అన్నా చాలు. ఆ పూట ఎందుకు తప్పిందనే విచారణ పెట్టకండి. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. మర్నాడు కాలేజీకి కలిసి వెళ్లండి. రీకౌంటింగ్ అంటే మార్కుల కూడిక మళ్లీ చూడటం, రీవెరిఫికేషన్ అంటే పేపరే మళ్లీ చూడటం. రెండూ ఒకటి కాదు. రెండింటికీ గడువుంటుంది, సప్లిమెంటరీ ఫీజుకూ గడువుంటుంది. ఆ తేదీలు గోడ మీద రాయండి. చేయడానికి ఒక పని కనబడితే మనసు దాని మీదికి మళ్లుతుంది.

ఒక పిల్లో పిల్లవాడో తిండి మానేసినా, నిద్ర లేకుండా తిరుగుతున్నా, తనకిష్టమైన వస్తువులు పంచి పెడుతున్నా, "నేను లేకుంటే మీకు బరువు తగ్గుతుంది" అన్నా కొట్టిపారేయకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని భయపడతాం. అట్లా జరగదని వైద్యులు చెబుతున్నారు. అడిగితే బరువు దిగుతుంది. విన్నాక ఒంటరిగా వదలకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. టెలిమానస్ నంబరు 14416. 2022 నుంచి పనిచేస్తోంది. డబ్బులక్కర్లేదు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు. మీ ఫోన్లలో ఇప్పుడే రాసుకోండి, మేం ఆగుతాం.

విద్యార్థి మిత్రులకు రెండే మాటలు. సబ్జెక్టు పోతే సబ్జెక్టు పోయిందనే అనండి, నేను పోయానని అనకండి. రెండోది, ఓడిపోయే అవకాశం ఉన్న పని ఏదో ఒకటి మార్కులతో సంబంధం లేకుండా చేస్తూ ఉండండి. కబడ్డీ ఆడండి, నాటకం వేయండి, వంట చేసి మాడ్చండి. మార్కుల్లో తప్ప ఎక్కడా ఓడిపోవడం ఎరగని పిల్లవాడికి మొదటి ఓటమి మరీ పెద్దగా కనిపిస్తుంది. మీ స్నేహితుడు తప్పితే మీ పాసు మిఠాయి పక్కన పెట్టి ముందు వాడి ఇంటికి వెళ్లండి.

ఉద్యోగ సంఘాల వాళ్లను, విద్యార్థి సంఘాల వాళ్లను ఒక పని అడుగుతున్నాం. వచ్చే ఫలితాల రోజు నుంచి సప్లిమెంటరీ ఫీజు గడువు దాకా తాడేపల్లిలో, ఉండవల్లిలో, వడ్డేశ్వరంలో ఒక్కో టెంటు వేయండి. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, మంచినీళ్లు. రీవెరిఫికేషన్ దరఖాస్తులు నింపి పెట్టేవాళ్లు ఇద్దరు, ఫీజు కట్టలేని వాళ్లకు సర్దడానికి కొంత చందా, లెక్కలో ఫిజిక్సో నెల రోజులు చెప్పగలిగే రిటైర్డ్ లెక్చరర్లు ఒకరిద్దరు. దీక్షలకు టెంట్లు వేసిన చేతులే కదా, ఇది పెద్ద పని కాదు. బల్ల ముందు ఒక అట్ట మీద 'మార్చి పోతే మే' అని రాసి పెట్టండి.

ఇవాళే పేర్లు రాసుకుందాం. కాగితం వెనక వరుస నుంచి మొదలుపెట్టండి, అటు నుంచి ముందుకు రానివ్వండి. ఈలోపు ప్రశ్నలుంటే అడగండి.